మీటరుకి అటూ ఇటూ

బుధవారం చవక.
ఆదివారంతో పోలిస్తే మనిషికి ముప్పై వేల డాంగులు మిగులు.
కుట్టు ఫ్యాక్టరీలో బుధవారం సెలవు కావాలంటే
సూపర్‌వైజరు హాన్‌కి జ్వరమని చెప్పాలి.
చెప్పాను.
దగ్గి మరీ చెప్పాను.

క్వాంగ్ ఙాయ్ నుంచి దా నాంగ్‌కి తెల్లారగట్ట రైలు,
గట్టి బల్లల బోగీ.
నలుగురం, మూడు సీట్లు.
వీని ఒళ్లో కూచోబెట్టుకున్నాను.
స్టేషను స్టేషనుకీ బరువెక్కుతుంది పిల్ల,
టికెట్టు లేని సామానంతా అంతేనేమో.

బయటి తిండి లోపలికి రానివ్వరు.
గేటు ముందు, ఎండలో, నిలబడే
అరిటాకు పొట్లాలు విప్పాం.
జిగురన్నం, వేరుశెనగ పొడి.
సంచుల్లో దొరికేది కడుపుల్లో దాచేశాం.
క్వాన్ తన వాటా అయ్యాక నా వాటా వైపు చూశాడు.
వాడికి తొమ్మిదేళ్లు, అర టికెట్టు, నిండు ఆకలి.
ఖాయ్ మాత్రం ఖాళీ సీసాలు లెక్కపెడుతున్నాడు:
లోపల ప్రథమ చికిత్స గది వెనక
కుళాయి ఒకటి ఉందని
ఫ్యాన్లు బాగుచేయించుకునే ఎవరో చెప్పారట.

గేటు దగ్గర చెక్క కొంగ.
చాచిన ముక్కు నేలకి సరిగ్గా మీటరు.
ముక్కు కింద నుంచి దూరిపోతే
పైసా అక్కర్లేదు.

మా వీ మీటరు మీద రెండు వేళ్లు.
నాకు తెలుసు. రాత్రే తలుపుకి ఆనించి కొలిచాను.
నడినెత్తిన కట్టిన కొప్పు విప్పేశాను.
మందం చెప్పులు తీసి నా సంచిలో పడేశాను.
చెవిలో చెప్పాను:
"మోకాళ్లు కొంచెం వంచు తల్లీ,
ఇవాళంతా నువ్వు చిన్నదానివి."

కాపలా ముసలాయన కొంగని చూశాడు,
పిల్లని చూశాడు,
ఉత్తికాళ్లని చూశాడు.
తర్వాత చాలాసేపు సముద్రం వైపు చూశాడు.
దూరింది.
లక్షా యాభై వేలు!
ఖాయ్ నా వేలు నొక్కాడు,
పెళ్లినాడు కూడా అంత గట్టిగా నొక్కలేదు.

గింగిరాలు తిరిగే డ్రాగన్ పడవ కోసమే
వీ నెల రోజులుగా నిద్రలో కేకలు వేస్తోంది.
ముప్పావు గంట వరస.
చివర్లో ఇంకో కొంగ, అదే ముక్కు, అదే ఎత్తు.
ఇక్కడ మాత్రం నెత్తి తగలాలి.
తగలకపోతే ఎక్కనివ్వరు.

చెప్పులు తొడిగాను.
కొప్పు ఎత్తుగా, ఇంకా ఎత్తుగా కట్టాను.
పడవ కుర్రాడు తల అడ్డంగా ఊపాడు.
నాలుగు వేళ్లు తక్కువ.

వంగి చూద్దును కదా,
గౌను కింద మోకాళ్లు
పొద్దుట నేను వంచిన చోటే ఉన్నాయి.
రంగుల రాట్నం దగ్గరా అలాగే నడిచిందట,
కుళాయి దగ్గరా అలాగే నిలబడిందట,
అమ్మ చెప్పింది కదా, ఇవాళంతా అని.

"లే తల్లీ, నిటారుగా నిలబడు."
గేటు ఎటుందో వెనక్కి తిరిగి చూసింది.
"ఆ తాత చూస్తాడేమో?"
వరసలో ఎవరో నవ్వారు.
నా దగ్గు అబద్ధం, జ్వరం అబద్ధం,
మొహం మాత్రం అప్పుడు నిజంగానే కాలింది.
"చూస్తే చూడనీ," అన్నాను,
అందరికీ వినపడేలాగే.

పిల్ల లేచింది.
మడమలు, మోకాళ్లు, నడుం, మెడ,
ఒక్కోటీ గుర్తు తెచ్చుకుంటున్నట్టు లేచింది.
కొప్పు కొంగ ముక్కుకి కొట్టుకుని
పక్కకి ఒరిగిపోయింది.
కుర్రాడు ఏమీ అడగలేదు,
గొలుసు తీశాడు.

రాత్రి ఇంట్లో
ఖర్చుల పుస్తకంలో అన్నీ రాశాను:
రైలు, రెండు పెద్ద టికెట్లు, ఒక అర,
క్వాన్ ఏడిస్తే కొన్న మొక్కజొన్న పొత్తు.
వీ పేరు దగ్గర సున్నా చుట్టి,
కూడకుండా మూసేశాను.

తలుపు మీద రెండు గీతలు గీయమంది వీ.
ఒకటి గేటు ఎత్తు, ఒకటి పడవ ఎత్తు.
"కింది గీత పక్కన డబ్బెంతో రాయి," అన్నాడు క్వాన్.
రాశాను.
పై గీత పక్కన ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు.
తను మాత్రం
మడమలు తలుపుకి ఆనించి, ఊపిరి బిగబట్టి,
పెన్సిలు నెత్తికి తగిలేదాకా
కదలకుండా నిలబడింది.